బ్రోకర్‌పై ఆరోపణ వస్తే, ఖాతాదారు సంగతేంటి?

సంపాదకుడు గారికి నమస్కారం.

మన తరఫున షేర్లు కొని అమ్మిపెట్టే బ్రోకర్ ఎవరో మోసం చేశాడని వార్త వచ్చినప్పుడల్లా మూడు నాలుగు రోజులు అతని గురించే చదువుతాం. ఎన్ని కోట్లు, ఎన్ని కార్లు, ఎవరెవరితో ఫోటోలు దిగాడు, అన్నీ వస్తాయి. తర్వాత ఆ వార్త లోపలి పేజీల్లోకి వెళ్లి, ఎప్పుడో కనబడకుండా పోతుంది. అతని దగ్గర ఖాతా ఉన్నవాళ్లు ఆ రోజు పేపరు చేతిలో పట్టుకుని ఏం చేయాలో ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం.

మా పెదనాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెట్టారు. బ్రోకర్ తరఫు కుర్రాడు ఇంటికే వచ్చాడు. ఫారాలన్నీ కలిపి పుస్తకమంత మందం. సంతకం చేయాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి తెచ్చాడు. పెదనాన్న ఆ టిక్కులు చూసుకుంటూ సంతకాలు పెట్టుకుంటూ పోయారు. అందులో ఒకటి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే ఆయన తరఫున షేర్లు కదిలించే అధికారం బ్రోకర్‌కు ఇచ్చే పత్రం. మొబైల్ నంబరు రాసే గడిలో ఆ కుర్రాడు తన నంబరే వేసుకున్నాడు. "మీకెందుకండీ మెసేజ్‌ల గోల, నేను చూసుకుంటాగా" అన్నాడు. రెండేళ్ల తర్వాత షేర్లు ఉండే డీమాట్ ఖాతా స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే సగం షేర్లు లేవు. ఆయన ఎన్నడూ చేయమనని ఆప్షన్ల (షేర్ల ధర ఎటు పోతుందన్న దానిపై పెట్టుకునే ఒప్పందాల) లావాదేవీలు పేజీలకు పేజీలు ఉన్నాయి. వెళ్లి అడిగితే "మీ సంతకం ఉంది కదా సార్" అన్నారు. పెదనాన్న ఆ కాగితం తీసుకుని, తన సంతకం మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయారు. డబ్బు పోయిందన్న బాధ కన్నా ఆ మాట ఆయన్ని ఎక్కువగా కుంగదీసింది.

అది చిన్న బ్రోకర్ సంగతి, పేపర్లో పడలేదు. పెద్ద సంస్థల్లో ఏం జరగొచ్చో 2019 నవంబర్ 22న షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కార్వీ స్టాక్ బ్రోకింగ్‌పై ఇచ్చిన ఉత్తర్వుతో బయటపడింది. 95,000 మందికి పైగా ఖాతాదారుల షేర్లను ఒకే డీమాట్ ఖాతాలోకి మళ్లించి, తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారని తేలింది. అక్కడా ఆధారం పవర్ ఆఫ్ అటార్నీయే. కొద్ది రోజుల్లోనే చాలామందికి షేర్లు తిరిగి వచ్చాయి, అది మెచ్చుకోవాల్సిందే. కానీ సెబీ తుది ఉత్తర్వు 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. 1992లో బయటపడిన బ్రోకర్ హర్షద్ మెహతా కుంభకోణమైతే చెప్పనే అక్కర్లేదు. 2001 డిసెంబర్ 31న ఆయన చనిపోయే నాటికి ఇంకా ఎన్నో కేసులు తేలనేలేదు.

ఆరోపణ వచ్చినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ఆ మాట మీరు ప్రతి వార్తలోనూ రాయాలి, రాస్తున్నారు కూడా. కానీ విచారణ ఏళ్ల తరబడి సాగుతుంటే ఖాతాదారు ఊరికే కూర్చోలేడు కదా.

నిబంధనలు మారిన మాట నిజమే. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ (లావాదేవీకి ముందుగా చూపాల్సిన హామీ) కోసం షేర్లు తాకట్టు పెట్టాలంటే ఖాతాదారు ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. 2022 నవంబర్ నుంచి కొత్త ఖాతాలకు పవర్ ఆఫ్ అటార్నీ బదులు డీడీపీఐ అనే పరిమితమైన అనుమతి పత్రం వచ్చింది, అదీ మనకు ఇష్టమైతేనే ఇవ్వొచ్చు. అయితే చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అంతకు ముందు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీలు వాటంతట అవి రద్దు కాలేదు. ఖాతాదారు రాతపూర్వకంగా రద్దు చేసుకునేదాకా అవి చెల్లుతూనే ఉంటాయి. పదేళ్ల కిందట టిక్కుల మీద సంతకాలు పెట్టిన పెద్దవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఇక ఓటీపీ అంటారా, ఖాతాలో ఉన్నది ఏజెంటు నంబరైతే అది వెళ్లేదీ అతనికే.

మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. బ్రోకర్ పంపే కాగితాన్ని నమ్ముకోకుండా, డీమాట్ ఖాతాల్లోని షేర్లను నమోదు చేసి ఉంచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నేరుగా పంపే స్టేట్‌మెంట్‌తో షేర్ల సంఖ్య సరిచూస్తాం. తేడా వస్తే అదే రోజు సెబీ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు పెడతాం. పెదనాన్న నంబరు మార్పించాం, పాత పవర్ ఆఫ్ అటార్నీ రద్దు చేయించాం. ఇందులో ఏదీ కష్టమైన పని కాదు, ముందే తెలియకపోవడం వల్లే నష్టపోయాం.

బ్రోకర్ చేతులెత్తేసి, ఎక్స్ఛేంజీ అతన్ని డిఫాల్టర్‌గా ప్రకటిస్తే, ఖాతాదారులు గడువులోగా క్లెయిమ్ వేసుకోవాలని పేపర్లలో నోటీసు ఇస్తారు. ఇన్వెస్టర్ ప్రొటెక్షన్ ఫండ్ (మదుపరుల రక్షణ నిధి) నుంచి పరిమితి మేరకు పరిహారం వచ్చే దారి అదే. ఆ నోటీసు మీ పత్రికలోనే ఏదో మూల సన్నటి అక్షరాల్లో, టెండరు ప్రకటనల పక్కన పడుతుంది. పెదనాన్న వయసు వాళ్లు భూతద్దం పెట్టినా చదవలేరు. నెలనెలా ఇంత ఇస్తామని ఏజెంటు హామీ ఇచ్చి తీసుకున్న డబ్బు ఈ ఫండ్ కిందకు రాదన్న సంగతి కూడా ఎవరూ చెప్పరు.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఇలాంటి ఆరోపణ వార్త వేసిన ప్రతిసారీ పక్కనే ఒక చిన్న బాక్సు ఇవ్వండి. స్టేట్‌మెంట్ ఎక్కడ చూసుకోవాలి, ఖాతాలో ఎవరి నంబరు ఉంది, పవర్ ఆఫ్ అటార్నీ ఎలా రద్దు చేసుకోవాలి, ఫిర్యాదు ఎక్కడ చేయాలి, ఇంత ఉంటే చాలు. డిఫాల్టర్ నోటీసు వచ్చినప్పుడు దాన్ని ప్రకటనగా వదిలేయకుండా, గడువు తేదీతో సహా పెద్ద అక్షరాల్లో వార్తగా వేయండి. గడువు ముగియడానికి వారం ముందు ఇంకోసారి వేయండి.

ఇట్లు
మీ పాఠకురాలు