కాకినాడ నుంచి తిరిగొచ్చిన ఫోటో

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు కోప్పడితే నేనేమీ మాట్లాడకుండా మీ అమ్మ చేతికి ఇచ్చేశాను. బుజ్జిగాడు పోయిన సెలవుల్లో మన నూతిగట్టు దగ్గర బట్టల్లేకుండా నీళ్లు పోయించుకుంటున్న ఫోటో ఊరి గ్రూపులో పెట్టానని కదా నీ కోపం. మనవడి ఫోటో పెట్టుకోవడానికీ పర్మిషన్ కావాలా అని ఆ రాత్రంతా ఉడుక్కున్నాను. తెల్లారాక ఆలోచిస్తే, ఆ గ్రూపులో రెండు వందల మంది పైనే ఉన్నారు, సగం మంది ఎవరో నాకే తెలీదు. కొబ్బరి ధర, కరెంటు కోత, ఎవరి గేదె తప్పిపోయింది, ఇవన్నీ వచ్చే చోటు అది. వెంటనే తీసేశాను. అప్పటికే ఇద్దరు ముద్దొచ్చి సేవ్ చేసుకున్నారట. తప్పు నాదే. ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లక ఉత్తరం రాస్తున్నాను.

కానీ ఇక ఫోటోలు పంపనన్నావు చూడు, అది మాత్రం వద్దు.

1996 నవంబరు 6 రాత్రి నీకు లీలగానైనా గుర్తుండాలి. దీపావళి నాలుగు రోజులుందనగా వచ్చిన తుఫాను. ఆరేళ్లదానివి. ఇంటి పెంకులు ఎగిరిపోతుంటే నిన్ను ధాన్యం బస్తాల మధ్య కూర్చోబెట్టాం. తెల్లారి తోటలోకి వెళితే నిలబడ్డ చెట్ల కంటే పడ్డవే ఎక్కువ. మూడో రోజుకి గానీ అటక మీది ట్రంకుపెట్టె గుర్తు రాలేదు. మూత తీస్తే లోపలంతా నీళ్లు. మా పెళ్లి ఆల్బం, నీ బారసాల, మీ మామ్మ ఫోటోలు అన్నీ అందులోనే. మీ అమ్మ చాప మీద ఆరబెట్టింది. ఎండాక విడదీయబోతే ఒక ఫోటోలో మొహం ఇంకో ఫోటో వీపుకి అంటుకుని ఊడొచ్చేసింది. ఎండనివ్వకుండా మంచినీళ్లలో నానబెట్టి విడదీస్తే కొన్నయినా దక్కేవని తర్వాతెప్పుడో ఒక స్టూడియో అబ్బాయి చెప్పాడు. అప్పుడు ఎవరికి తెలుసు? తలదాచుకోవడానికి చోటు లేదు, ఫోటోల గురించి ఎవర్ని అడుగుతాం.

ఇప్పుడు మన దగ్గరున్న పాత ఫోటోలు నాలుగే. అవీ ఇంట్లోవి కావు. కాకినాడలో మీ మేనత్తకి పోస్టులో పంపిన కాపీలు. దాచుకున్నవి పోయాయి, పంపినవి మిగిలాయి.

అత్తయ్య ఈమధ్య వాటిని తెచ్చిచ్చింది. ఎదురింటి కుర్రాడి సాయంతో నువ్వు మొదలుపెట్టిన గూగుల్ ఫోటోస్ ఆల్బంలోకి ఎక్కించాను. ఫ్రేములో ఉండగా తీస్తే అద్దంలో నా మొహం, ట్యూబులైటు పడుతున్నాయి. బయటికి తీసి, పొద్దున్నే అరుగు మీద నీడపట్టున పెట్టి తీశాను. తీరా చూస్తే మా పెళ్లి మొన్న మంగళవారం జరిగినట్టు చూపిస్తోంది! మీ అమ్మ ఒకటే నవ్వు. తేదీ మార్చుకునే వీలుందట, 1987కి మార్చాం.

ఆ ఆల్బం లింకు మీ బాబాయి ఎవరెవరికో పంపేశాడు. లింకు ఉంటే ఎవరైనా చూడొచ్చట. అది ఆపేసి, మన ఇంటివాళ్లని మాత్రం వాళ్ల జీమెయిల్‌తో చేర్చు. అన్నట్టు, బుజ్జిగాడు యూనిఫాంతో స్కూలు బోర్డు ముందు నిలబడ్డ ఫోటో నువ్వు ఫేస్‌బుక్‌లో పెట్టావు. నన్ను అన్నావు కదా, నీది కూడా చూసుకో.

మీ అమ్మ గోడకి పెద్దది ఒకటి కావాలంటే అంబాజీపేటలో స్టూడియోకి వెళ్లాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుందట, పెద్దది చేస్తే మసకేస్తుందన్నాడు. 'డాక్యుమెంట్'గా పంపమన్నాడు. అలా పంపు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటు నిండిపోయిందని నా ఫోన్లో రోజూ గోల. మెయిళ్లు, ఫోటోలు అన్నిటికీ కలిపి అంతేనట. చూస్తే సగం పైగా గుడ్ మార్నింగ్ పూలబొమ్మలే. ఓపిగ్గా తుడుస్తున్నాను.

ఇంకో మాట. కేకు కోసే ఫోటోలు చాలా ఉన్నాయి. వాడు అలిగి మూల కూర్చున్నప్పటిది పంపు. మీ వంటింటి గట్టు పంపు. మూడు నెలల కిందట నువ్వు పెట్టిన ఫోటోలో వెనకాల గట్టు మీద మనం పంపిన ఆవకాయ డబ్బా కనబడింది. సగానికి వచ్చిందని మీ అమ్మ రెండు రోజులు అందరికీ చెప్పుకుంది. మొన్న కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి వీడియో కాల్ చేస్తానన్నాను గానీ ఆ జనంలో సిగ్నల్ అందలేదు. గంగలకుర్రు వాళ్లు దేవుడి ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటుతున్న వీడియో ఇంటికొచ్చాక పెట్టాను. నీళ్లలో ఎందుకు మోస్తున్నారని వాడు అడిగాడన్నావు. వాడి చేతే నాకు ఫోన్ చేయించు, చెబుతాను.

పెట్టిన ప్రతి ఫోటో కింద ఎవరెవరు, ఎక్కడ అని ఒక ముక్క రాయి. నీ అన్నప్రాశన ఫోటో వెనక మీ తాతయ్య పేర్లన్నీ వరసగా రాశారు కాబట్టి సరిపోయింది. రంగంతా ఎర్రబారింది గానీ నువ్వు పుస్తకం వదిలేసి బంగారం పట్టుకున్నది స్పష్టంగా ఉంది. ఎడమ పక్క చివర వెండి గిన్నె పట్టుకుని ఒక చెయ్యి కనబడుతుంది, మనిషి లేదు. ఆ చెయ్యి ఎవరిదో మాత్రం తాతయ్య రాయలేదు. అమ్మమ్మదే అంటుంది మీ అమ్మ. నాదే అంటుంది మీ మేనత్త. ఫోన్లో పెద్దది చేసి ఆ గాజులు చూసి చెప్పు.

నాన్న