పనస జిగురు లాంటి మాట

లీడ్స్,
ఆదివారం

నాన్నా,

మొన్న ఫోన్లో, క్రికెట్ కామెంటరీలో విన్న "స్టికీ వికెట్" అంటే ఏంట్రా అని అడిగావు. చెప్పేలోపే సిగ్నల్ పోయింది. ఇవాళ తీరిగ్గా రాస్తున్నాను, అమ్మకీ చదివి వినిపించు.

స్టికీ అంటే జిగురుగా ఉండేది, అంతే. మన పెరట్లో పనసకాయ కోస్తే చేతికి పట్టుకుని వదలదే, అలాంటిది. కానీ ఈ ఇంగ్లీషువాళ్ళు ఆ ఒక్క మాటని ఎన్నింటికి అంటించారో! వికెట్ అంటే ఇక్కడ పిచ్. పూర్వం ఇక్కడ మ్యాచ్ మధ్యలో వానొస్తే పిచ్‌ని కప్పేవారు కాదు. తడిసిన నేల ఎండకి ఆరుతుంటే పైపొర బంకమట్టిలా అయ్యేది. బంతి ఒకసారి ముఖం మీదికి లేచేది, ఇంకోసారి కాళ్ళ దగ్గరే ఆగిపోయేది. ఇక బ్యాటర్ పని అయిపోయినట్టే. ఇప్పుడు పిచ్‌లు కప్పేస్తున్నారు కాబట్టి ఆ వికెట్ లేదు, మాట మిగిలింది. ఎవరైనా ఇరకాటంలో పడితే స్టికీ వికెట్ మీదున్నాడంటారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట దగ్గరే నా పరువు పోయింది. మీటింగ్‌లో మేనేజర్ "మన కస్టమర్లు చాలా స్టికీ" అన్నాడు. జిడ్డుగాళ్ళని తిడుతున్నాడేమో అనుకుని "అలాంటివాళ్ళని వదిలించుకుందాం" అనేశాను. అందరూ నావైపే చూశారు. ఒకసారి వచ్చినవాళ్ళు మనల్ని వదిలిపోరని మెచ్చుకోవడమట అది! జిడ్డు కూడా మెప్పేనని నాకేం తెలుసు?

చేతివాటం ఉన్నవాడివి స్టికీ వేళ్ళు. ఎక్కి కూర్చున్న ధరలు దిగిరాకపోతే అవీ స్టికీయే. ఉక్కపోసినా స్టికీయే. 28 డిగ్రీలకే అలా అంటున్నారు, మే నెలలో మన కవిటి వస్తే ఏమంటారో! ఖర్జూరం కేకు మీద టాఫీ పాకం పోసిచ్చే స్వీటు పేరులోనూ ఇదే మాట. బాగుంటుంది గానీ మన బెల్లం జీడిలా సాగదు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆఫీసుల్లో అంటించుకునే పసుపు చీటీల (స్టికీ నోట్స్) కథ. 1968లో అమెరికాలో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే ఆయన గట్టి జిగురు చేయబోతే, అంటీ ముట్టనట్టుండే జిగురు వచ్చింది. దాన్ని ఎందుకు వాడాలో చాన్నాళ్ళు ఎవరికీ తోచలేదు. అదే కంపెనీలో పనిచేసే ఆర్ట్ ఫ్రై చర్చిలో పాటలు పాడేవాడు. పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్న కాగితాలు జారిపోతున్నాయని విసుగెత్తి, 1974లో ఆ జిగురు సంగతి గుర్తు చేసుకున్నాడు. 1980లో ఆ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. నా బల్ల ముందూ ఒకటుంది, "నాన్న మందులు, నాలుగున్నర" అని. అప్పుడు నీకు రాత్రి తొమ్మిది.

తిత్లీ తుపానుకి పడిపోకుండా నిలిచిన మన పనసచెట్టు ఈ ఏడు ఎన్ని కాయలు కాసింది? ఇక్కడ పనస ముక్కలు ఉప్పునీళ్ళలో, డబ్బాల్లో దొరుకుతాయి. జిగురు జాడే ఉండదు. అమ్మని కాయ కోసేముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకోమను. పోయినసారి వీడియో కాల్‌లో చూశాను, రాసుకోలేదు.

నీ పెద్దోడు