ఓక్ చెట్ల వేళ్లకూ కంచె కావాలి

సంపాదక మహాశయులకు,

పార్కుల్లోను, రహదారుల పక్కన, ప్రభుత్వ భవనాల ఆవరణల్లోను పెరిగే సతత హరిత ఓక్ చెట్ల గురించి మీ పత్రిక ద్వారా అధికారులకు ఒక విన్నపం చేయదలచాను. మొక్క నాటిన రోజు హడావిడికీ, మహావృక్షం ఎండిపోయిన రోజు పుట్టే ఆవేదనకూ నడుమ ఎన్నో దశాబ్దాలు గడుస్తాయి. అంతకాలం ఆ చెట్టు చుట్టూ ఉన్న నేల బాగోగులు చూడవలసింది ఎవరో చాలా చోట్ల ఏ కాగితం మీదా రాసి ఉండదు.

అమెరికా ఆగ్నేయ తీరంలోని లైవ్ ఓక్, మధ్యధరా ప్రాంతపు హోమ్ ఓక్, బెరడు కోసం పెంచే కార్క్ ఓక్, హిమాలయ వాలుల్లోని బాంజ్ అన్నీ ఈ కోవకు చెందినవే. సతత హరితం అన్నంత మాత్రాన ఆకు రాలదని కాదు. లైవ్ ఓక్ వసంతంలో కొత్త చిగురు తొడుగుతూ, కొద్ది వారాల్లోనే పాత ఆకులను దాదాపుగా వదిలించుకుంటుంది. ఆ నాలుగు వారాలూ తెగులు పట్టిందన్న ఫిర్యాదులు రావడం, వాటికి జవాబుగా ఎవరో ఒకరు ఎరువు బస్తాతోనో రంపంతోనో దిగిపోవడం మామూలే. నిజానికి రాలిన ఆ ఆకులను రెండు మూడు అంగుళాల మందాన చెట్టు కిందే పరచి, మాను మొదలుకు మాత్రం తగలకుండా ఎడం వదిలితే, అంతకు మించిన ఎరువు చాలా చెట్లకు అక్కర్లేదు.

అసలు ముప్పు వేళ్ల దగ్గర ఉంది. ఇంత పెద్ద చెట్టుకు వేళ్లు పాతాళం దాకా దిగి ఉంటాయని, పైపైన ఏం చేసినా దానికి తగలదని మనలో చాలామంది నమ్మకం. కానీ నీటినీ పోషకాలనూ పీల్చే సన్న వేళ్లలో అధిక భాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల కొసలను దాటి చాలా దూరం వరకు పరచుకుని ఉంటాయి. పైపుల కోసం కందకం తవ్వినా, ఎత్తు సరిచేయడానికి అర అడుగు మట్టి పోసినా, నీడ బాగుందని లారీలు అక్కడే నిలిపినా దెబ్బ తగిలేది ఆ వేళ్లకే. మట్టి గట్టిపడి దానిలోని గాలి ఖాళీలు మూసుకుపోతే వేరుకు ఊపిరాడదు. అయినా ఓక్ వెంటనే వాడదు. దాచుకున్న ఆహారంతో కొన్నేళ్లు నెట్టుకొచ్చి, ఆ తర్వాత పై కొమ్మల చివర్ల నుంచి ఎండటం మొదలుపెడుతుంది. అప్పటికి గుత్తేదారు బిల్లు చెల్లింపు ఎప్పుడో పూర్తయి ఉంటుంది. చెట్టు చావును మాత్రం ఎండల ఖాతాలో రాస్తారు.

టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లోని ట్రీటీ ఓక్ అనే ప్రాచీన లైవ్ ఓక్ మొదలు దగ్గర 1989లో ఒక వ్యక్తి కలుపు మందు పోశాడు. మట్టి తవ్వి మార్చడంతో సహా ఎన్నో ప్రయత్నాలు చేస్తే చెట్టులో మూడో వంతు మాత్రం దక్కింది. ఆ వ్యక్తికి జైలు శిక్ష పడింది. రోడ్డు రోలరుతో అదే పని నిదానంగా చేసినవారికి మనం డబ్బిచ్చి పంపుతున్నాం.

నీటి విషయంలో కూడా చెట్టు పుట్టిన చోటు చూడాలి. వేసవిలో వాన ఎరగని కాలిఫోర్నియా తీరపు ఓక్ చుట్టూ పచ్చిక పెంచి రోజూ నీళ్లు చల్లితే, మాను మొదట్లో తడి ఆరక వేరుకుళ్లు శిలీంధ్రాలు చేరతాయి. కొత్తగా నాటిన మొక్కకు మొదటి రెండు మూడేళ్లు నీరు తప్పనిసరి; ముదిరిన చెట్టుకు అదే అలవాటు కొనసాగించడం మేలు కాదు.

కొమ్మలు కోయడం గురించి కొంత వివరంగా చెప్పాలి. కొమ్మ మానును కలిసే చోట ఉబ్బెత్తుగా ఒక మడత కనిపిస్తుంది. దానిని తాకకుండా, దాని వెలుపలే కోస్తే గాయం చుట్టూ కొత్త కణజాలం పెరిగి మూసుకుంటుంది. మానుకు ఆనించి నున్నగా కోస్తే కుళ్లుకు తలుపు తెరిచినట్టే. మామూలుగా గాయానికి రంగు పూయడం వల్ల ఉపయోగం లేదు. అయితే ఓక్ విల్ట్ అనే ఎండు తెగులు ఉన్న ప్రాంతాల్లో వెంటనే పూయాలి, ఎందుకంటే తాజా గాయం నుంచి కారే రసం కోసం వచ్చే చిన్న పెంకు పురుగులు ఆ శిలీంధ్రాన్ని మోసుకొస్తాయి. అందుకే టెక్సాస్‌లో ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కోయవద్దని నిపుణులు చెబుతారు. పక్కపక్కన ఉన్న లైవ్ ఓక్‌ల వేళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి కాబట్టి, ఒక చెట్టుకు సోకిన తెగులు వరుసంతటికీ పాకుతుంది. కొమ్మల కోత కాలాన్ని బడ్జెట్ మిగులును బట్టి నిర్ణయించే పద్ధతి ఎంత ప్రమాదకరమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

కాబట్టి చెట్లున్న చోట ఏ పని చేపట్టినా, యంత్రాలు రాకముందే కనీసం కొమ్మల కొసల వరకు కంచె వేయాలని, పైపులు ఆ హద్దుకు వెలుపల నుంచి గాని వేళ్ల కిందుగా సొరంగం వేసి గాని తీసుకెళ్లాలని, కోత పనికి అనుమతించే నెలలు ముందే ప్రకటించాలని టెండరు షరతుల్లోనే చేర్చవలసిందిగా అధికారులను కోరుతున్నాను. గుత్తేదారు జమానతులో కొంత భాగాన్ని పని ముగిసిన మూడేళ్ల తర్వాత, చెట్టు పరిస్థితి చూశాకే విడుదల చేయడం కూడా పరిశీలించాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు