మా వాడికి కూడా వంట నేర్పండి, స్కూల్లోనే

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో డ్రైవర్ని, ఉండేది తెనాలి. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మొన్న మా అమ్మాయి స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అయ్యింది, అందరూ మార్కుల గురించీ బస్సు ఫీజు గురించీ అడుగుతున్నారు, నేను లేచి ఒక మాట అడిగా, పిల్లలకి వారానికి ఒక్క పీరియడ్ వంట, ఇంటి పనులు నేర్పించొచ్చు కదా సార్, ఆడపిల్లలకే కాదు మగపిల్లలకి కూడా, అని. హాల్లో నవ్వులు. వెనక నుంచి ఒకాయన "ఇంతింత ఫీజులు కట్టేది మా వాడి చేత గరిటె తిప్పించడానికా అండీ" అన్నాడు. స్కూలు వాళ్లేమో మంచి సలహా అండి, రాసుకుంటాం అని చెప్పి వెంటనే ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల విషయం ఎత్తుకున్నారు. ఆ రోజు అక్కడ గొంతు పెగల్లేదు, చెప్పాలనుకున్నది చెప్పలేకపోయా, అందుకే ఇది రాస్తున్నా.

పోయిన ఏడాది మా ఆవిడ బాత్రూంలో జారిపడింది. కాలి ఎముక విరిగింది, ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, రెండు నెలలు కాలు కింద మోపొద్దు అన్నారు. నాకు 49 ఏళ్లు, అప్పటి దాకా స్టవ్ వెలిగించి టీ కూడా పెట్టుకోలేదు. మా వాడు ఇంటర్ సెకండియర్, అమ్మాయి తొమ్మిదో క్లాసు. మొదటి వారం రోజులు కర్రీ పాయింట్ నుంచి ప్యాకెట్లు తెచ్చుకున్నాం, అన్నం ఒక్కటీ కరెంటు కుక్కర్లో పడేసేవాళ్లం. ఆ నూనెకి, ఆ కారానికి మందులు వాడే మనిషికి కడుపులో మంట మొదలైంది, డాక్టర్ గారు ఇంటి తిండే పెట్టండి అన్నారు. ఆ మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే మా అమ్మాయి ఐదింటికి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నైట్ అవుట్ డ్యూటీ చేసి ఇంటికొచ్చేసరికి పప్పు, ఏదో ఒక వేపుడు చేసి, వాళ్లమ్మకి టిఫిన్ పెట్టి, నాకు క్యారేజీ కట్టి, తను జడ కూడా సరిగ్గా వేసుకోకుండా స్కూలుకి పరిగెత్తేది. పిల్ల ఎంత బాధ్యతగా చేస్తోందో అని డిపోలో అందరికీ గొప్పగా చెప్పుకున్నా. నెల తిరిగేసరికి వాళ్ల క్లాస్ టీచర్ ఫోన్ చేశారు, ఎఫ్ఏ పరీక్షలో మార్కులు బాగా తగ్గాయి, మధ్యాహ్నం క్లాసులో కునుకు తీస్తోంది, ఇంట్లో ఏమన్నా ప్రాబ్లమా అని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయా. అదే ఇంట్లో దానికన్నా మూడేళ్లు పెద్దవాడు ఒకడున్నాడు, వాడు ఏడింటికి లేచి వడ్డించింది తిని కాలేజీకి పోతున్నాడు, తప్పు వాడిది కూడా కాదు, వాడికి ఏ రోజూ ఎవరూ చెప్పలేదు, నేను అసలే చెప్పలేదు.

అదే టైంలో ఇంకోటి జరిగింది, అది గుర్తొస్తే ఇప్పటికీ వణుకొస్తది. పాలు పొయ్యి మీద పెట్టి నేను ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్లా, పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాస్ వస్తూనే ఉంది. వాసన తెలిసి మా వాడు వంటింట్లోకి వెళ్లి, వాసన పోవాలని ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి పెట్టాడు. వెనకనుంచి మా అమ్మాయి కేకేసి చెయ్యి లాగేసింది, నాబ్ కట్టేసి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపేసి, తలుపులూ కిటికీలూ తెరిచింది. వాళ్లమ్మ ఎప్పుడో చెప్పిందంట, గ్యాస్ వాసనొస్తే స్విచ్ ఏదీ ముట్టుకోకూడదు, వెయ్యనూ కూడదు ఆపనూ కూడదు, ఆ చిన్న నిప్పురవ్వ చాలు అని. మా వాడు ఎంపీసీ. ఎనిమిదో క్లాసులో దహనం పాఠం చదివాడు, జ్వలన ఉష్ణోగ్రత అంటే ఏంటో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. వంటగ్యాస్ గాలికన్నా బరువైంది, పైకి పోదు, నేలబారుగా పేరుకుంటది, అందుకే కింద నుంచి బయటికి పోయేలా తలుపు తెరవాలి అన్నది మాత్రం వాడికి ఎవరూ పొయ్యి ముందు నిలబెట్టి చూపించలేదు. గ్యాస్ లీకైతే 1906కి ఫోన్ చెయ్యాలని మా ఇంట్లో నలుగురిలో ఒక్కరికీ తెలీదు, తర్వాత గ్యాస్ బండ వేసే అబ్బాయి చెప్తే తెలిసింది. రబ్బరు పైపుకి కూడా గడువుంటదని, ఐదేళ్లకోసారి మార్చాలని అతనే చెప్పాడు, మాది ఎప్పటిదో చూస్తే పగుళ్లు పట్టి ఉంది.

ఆ సాయంత్రం నుంచి మా ఆవిడ మంచం మీద నుంచే వాడికి క్లాసు మొదలెట్టింది. మంచం వంటింటి గుమ్మం ఎదురుగా వేయించుకుంది. "నూనె కాగిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూడు, చిటపటమంటేనే మిగతావి వెయ్యి. ఎండుమిర్చి ముందే వేస్తే మాడిపోద్ది. ఇంగువ ఆఖర్న." వాడు వేలు కోసుకున్నాడు, చారులో ఉప్పు రెండుసార్లు వేశాడు, ఒకరోజు పప్పు కుక్కర్లో గాస్కెట్ పెట్టడం మర్చిపోయి విజిల్ రావట్లేదని అరగంట చూశాడు. అయినా పది రోజుల్లో వాడికి అన్నం, పప్పు, చారు, రెండు వేపుళ్లు వచ్చేశాయి. పది రోజులే. పదిహేడేళ్లు మేం నేర్పకుండా ఉన్నది పది రోజుల పని. నేనూ వాడి పక్కనే నిలబడి నేర్చుకున్నా.

ఇంట్లోనే నేర్పుకోవచ్చు కదా, స్కూలెందుకు అంటారు చాలామంది. ఇల్లు ఎవరికి నేర్పుతుందో మా ఇంట్లో చూశాను కాబట్టే స్కూలు అంటున్నా. ఇల్లు ఆడపిల్లకే నేర్పుతుంది, అది కూడా కూర్చోబెట్టి నేర్పదు, పని మీద పడేస్తుంది. ఈ మధ్య పేపర్లో చూసి లెక్క రాసి పెట్టుకున్నా, కేంద్రం వాళ్లు 2019లో టైం యూజ్ సర్వే అని, జనం రోజులో ఏ పనికి ఎంత టైం పెడుతున్నారో లెక్క తీశారు, ఆడవాళ్లలో నూటికి 81 మంది ఇంటి పని చేస్తుంటే మగవాళ్లలో 26 మంది చేస్తున్నారంట. 2024లో మళ్లీ చేస్తే ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు ఒకళ్లు, గంటన్నర ఇంకొకళ్లు. ఇది తరం నుంచి తరానికి ఇంట్లోంచే వస్తోంది, మళ్లీ ఇంటికే వదిలేస్తే ఎప్పుడు మారుతుంది. బడిలో అయితే బెంచీ మీద అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ ఉంటారు, ఇద్దరికీ ఒకే పాఠం, ఒకే మార్కులు.

ఇది మనకి కొత్తేం కాదు. మా నాన్న చదివింది బేసిక్ స్కూల్లో, తకిలీ మీద నూలు వడికేవాళ్లం అని చెప్పేవాడు. గాంధీగారు 1937లో వార్ధాలో మీటింగ్ పెట్టి నయీ తాలీం అని చెప్పింది అదే, చేతి పని ద్వారానే చదువు రావాలని, దానికి వేసిన కమిటీకి జాకీర్ హుస్సేన్ గారు పెద్ద. ఆ తర్వాత వర్క్ ఎక్స్‌పీరియన్స్ అన్నారు, ఎస్‌యూపీడబ్ల్యూ, అంటే సమాజానికి పనికొచ్చే ఉత్పత్తి పని, అన్నారు, పేర్లు మారాయి, పీరియడ్ మాత్రం లెక్కల సార్లు తీసేసుకున్నారు. మా వాడి పాత ప్రోగ్రెస్ కార్డులు తీసి చూశా, వర్క్ అండ్ కంప్యూటర్ ఎడ్యుకేషన్ అని ఒక గడి ఉంది, అన్ని కార్డుల్లోనూ ఏ గ్రేడే, ఏం చేశావురా దానికి అంటే ఏం చెయ్యలేదు నాన్నా, అందరికీ వేస్తారు అన్నాడు. కొత్త ఎడ్యుకేషన్ పాలసీ 2020లో వచ్చింది, అందులో 6 నుంచి 8 క్లాసుల మధ్యలో పిల్లలకి ఓ పది రోజులు బ్యాగు లేకుండా చేతి పనులు నేర్పాలని పెట్టారు, చాలా సంతోషం. కాకపోతే ఉదాహరణకి రాసిన పనుల్లో వడ్రంగం ఉంది, కరెంటు పని ఉంది, లోహపు పని, తోట పని, కుండలు చెయ్యడం ఉన్నాయి, వంట పేరు లేదు. రోజూ మూడు పూటలా ప్రతి ఇంట్లో జరిగే పని అది, దాన్ని పని కింద రాయడానికి ఎవరికీ తోచలేదంటే నాకు బాధేసింది.

జపాన్లో ఐదో క్లాసు నుంచే ఇంటి పనుల సబ్జెక్టు ఉంది, అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపి. అక్కడ కూడా పై క్లాసుల్లో ఒకప్పుడు ఆడపిల్లలకే ఉండేది, 1993, 94 నుంచి హైస్కూళ్లలో మగపిల్లలకీ తప్పనిసరి చేశారు. మధ్యాహ్నం భోజనం పిల్లలే ఒకళ్లకొకళ్లు వడ్డించుకుంటారు, క్లాసు రూము పిల్లలే తుడుచుకుంటారు. అంత దూరం పోవక్కర్లేదు, కేరళలో 2024లో మూడో క్లాసు పుస్తకంలో నాన్న వంటింట్లో కొబ్బరి తురుముతున్న బొమ్మ వేశారు. బొమ్మే కదా అనుకోవచ్చు, నా చిన్నప్పటి పుస్తకాల్లో అమ్మ వంట చేస్తుంది, నాన్న పేపర్ చదువుతాడు, నేను అచ్చం అలాగే పెరిగా.

స్కూల్లో పొయ్యి అంటే పిల్లలు కాల్చుకుంటారు అని భయం, అది న్యాయమైన భయమే. అందుకే ఆరో క్లాసులో పొయ్యే వద్దు. మజ్జిగ చిలకడం, నిమ్మరసం, మొలకలు, దోసకాయ ముక్కలు కొయ్యడం, చాకు ఎలా పట్టుకోవాలి, కూరగాయలు కడిగాక కొయ్యాలా కోశాక కడగాలా, ఇవి చాలు. పెరుగు తోడు పెట్టించండి, సూక్ష్మజీవుల పాఠం రోజే పెట్టించండి, మర్నాడు తోడుకుందో లేదో వాళ్లే చూస్తారు. ఎనిమిది, తొమ్మిదికి ఇండక్షన్ స్టవ్ మీద పోపు, అన్నం, కుక్కర్. కుక్కర్లో నీళ్లు 100 డిగ్రీలు దాటి 120 దాకా వెళ్తాయి కాబట్టే పప్పు తొందరగా ఉడుకుద్దని అక్కడ చెప్తే ఏ పిల్లాడూ మర్చిపోడు. కాలితే టూత్‌పేస్టు, ఇంకు పుయ్యకుండా ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టాలి అన్నది కూడా అక్కడే. బొత్తాం కుట్టుకోవడం, కరెంటు బోర్డులో ఎంసీబీ స్విచ్ పడిపోతే ఏం చూడాలి, కుళాయికి వాషర్ మార్చడం, చొక్కా కాలర్ రుద్ది ఉతకడం ఇవన్నీ ఒక్కో శనివారం. గవర్నమెంటు స్కూళ్లకి మన రాష్ట్రంలో శనివారం నో బ్యాగ్ డే అంటున్నారు కదా, దానికన్నా మంచి రోజు ఏముంది, ప్రైవేటు స్కూళ్లలో ఆ శనివారాన్నే స్లిప్ టెస్టులు తినేస్తున్నాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. నేర్పడం పేరు చెప్పి పిల్లల చేత వెట్టి చేయించకూడదు. హాస్టల్ పిల్లల చేత గిన్నెలు తోమించారని, బాత్రూములు కడిగించారని వార్తలు చదువుతూనే ఉన్నాం, అవి ఎప్పుడూ పేద పిల్లల మీదే పడతాయి. పాఠం అంటే క్లాసులో అందరూ చెయ్యాలి, డాక్టరు గారబ్బాయీ కూలీ వాళ్లమ్మాయీ పక్కపక్కనే, వంతుల ప్రకారం, టీచర్ పక్కన ఉండగా, అరగంటో గంటో, అంతే. పిల్లలందరూ కలిసి చేసింది అందరూ కలిసి తినాలి, ఎవరి చెయ్యి తగిలింది అని అడిగే ఇళ్లు ఇంకా ఉన్నాయి మన ఊళ్లలో, ఆ పిల్లలకి ఇది చాలా అవసరం. మరి నేర్పేదెవరు అంటే, గవర్నమెంటు స్కూళ్లలో మధ్యాహ్న భోజనం వండే అక్కలున్నారు, వందల మందికి కొలత తప్పకుండా వండే చెయ్యి వాళ్లది, అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్న పథకంలో పనిచేస్తున్నారు. వారానికి ఒక గంట వాళ్లని టీచరుగా నిలబెట్టండి, ఆ గంటకి వేరే డబ్బులివ్వండి, పిల్లల చేత మేడం అని పిలిపించండి.

మా ఆవిడ ఇప్పుడు నడుస్తోంది. మా వాడు ఇంజనీరింగ్‌లో చేరి నలుగురు ఫ్రెండ్స్‌తో రూము తీసుకున్నాడు, వాళ్లలో వంటొచ్చింది వీడొక్కడికే అంట, రాత్రి ఫోన్ చేసి చింతపండు ఎంత నానబెట్టాలమ్మా అని అడిగాడు, పక్కన ఇంకో ఇద్దరు పిల్లలు వింటున్నారు. మా అమ్మాయి పదో క్లాసుకి వచ్చింది, పొద్దున్నే చదువుకుంటుంది, డ్యూటీ లేని రోజు వంట నాది.

ఎడిటర్ గారూ, ఒక రిక్వెస్టు. రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా, ఏ చిన్న స్కూల్లోనైనా హెడ్మాస్టారు గానీ టీచరమ్మ గానీ మగపిల్లలకి కూడా ఇలాంటివి నేర్పిస్తుంటే మీ విలేకరుల్ని పంపి ఫోటోతో సహా వెయ్యండి, ఎలా చేస్తున్నారు, ఖర్చెంత, టైం ఎక్కడ దొరికింది అన్నీ రాయండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి ఆ కటింగ్ జేబులో పెట్టుకుని వెళ్తా.

ఇట్లు
మీ పాఠకుడు, ఒక బస్సు డ్రైవరు
తెనాలి