రేడియో మామ కాడికి ఒక్కసారి పోయిరా బిడ్డా

దోహా,
9 జూలై 2025.

బిడ్డా చిట్టీ,

మీ నాయన దీవెనలు. నేనిక్కడ మంచిగున్న. మీరు గూడ మంచిగున్నరనుకుంటున్న. దినాం వీడియోల మొఖాలు చూసుకుంటనే ఉన్నం గద, మల్ల ఈ కాయితమెందుకని నవ్వకు. ఫోన్ చేస్తే మీ అమ్మ పక్కన కూసుంటది, నానమ్మ ఎనుక నుంచి తొంగిచూస్తది, తమ్ముడు ఫోన్ గుంజుకుంటడు. కొన్ని మాటలు గట్ల ఒడువయి. మా రూముల ఉండే దేవరకొండ పిలగాడు శుక్రవారం సెలవు మీద ఇంటికొస్తుండు, ఆయన సంచిల పెట్టి పంపుతున్న. ముందుగాల నువ్వొక్కదానివే చదువు. అమ్మకు ఏది చెప్పాల్నో ఏది ఒద్దో నీకే ఎరుక.

డ్యూటీ ఎప్పటి లెక్కనే. పొద్దుగాల నాలుగింటికి బస్సు తీసుడు, క్యాంపు కాడ జనాన్ని ఎక్కించుకునుడు, సైటు కాడ దించుడు. ఎండకాలం పది నుంచి మూడున్నర దాక బయట పని చేపియ్యొద్దని ఇక్కడి సర్కారు రూలు, గందుకు ట్రిప్పులు అటిటైనయి. జీతం టైముకే పడుతుంది. గంతే.

ఆ మిసైళ్ల సంగతి. జూన్ 23 రాత్రి నేను రూముల పండుకున్ననని అమ్మకు చెప్పిన గద, అది అబద్దం. బస్సు రోడ్డు మీదనే ఉంది, ఎనుక నలభై మంది. ఆకాశంల ఎర్రగ ఏవో ఉరుకుతుంటే పటాకులనుకున్నం. తర్వాత దబ్బు దబ్బుమని సప్పుడు, అద్దాలు గజగజ. ఒక నేపాలీ పిలగాడు ఏడ్వబట్టిండు. పక్కకు ఆపి లైట్లు బందు పెట్టిన. ఇరానోళ్లు కొట్టింది అమెరికోళ్ల అల్ ఉదైద్ బేసును, మనల్ని కాదు. ఎవ్వరికీ ఏం కాలే. విమానాలు ఆపిన్రు, అర్ధరాత్రి దాటినంక మల్ల చాలు చేసిన్రు. తెల్లారేసరికి లడాయి ఆపుతున్నరని వార్త. నాలుగింటికి నేను మల్ల బస్సు తీసిన.

అప్పటిసంది నువ్వు "ఒచ్చెయ్యి నాయనా" అని ఒక్కటే పాట. ఒచ్చి ఏం చెయ్యాలె బిడ్డా? తోటల మూడు బోర్లేస్తే మూడూ ఎండపాయె, ఆ మిత్తి ఇంక నడుస్తనే ఉంది. నీది ఎమ్మెస్సీ ఇంకో ఏడాది. తమ్ముని ఇంటర్ ఫీజు. ఊర్లుంటే ఇవన్ని ఎట్లెల్తయో నువ్వే లెక్కేసి చెప్పు. ప్రమాదం ఏడ లేదు? నేనేం సంబురానికి ఇక్కడ కూసోలే.

కోప్పడుతున్న అనుకోకు. అసలు సంగతి వేరే ఉంది.

ఆ రాత్రి బస్సు ఆపినంక నాకొచ్చిన మొదటి ఫోన్ మీది కాదు. మీకింకా తెల్వదు. ఇక్కడ ఏడున్నర దాటింది, అంటే మీకు పది. నంబరు చూస్తే రేడియో మామ. రెండేండ్ల ఎనిమిది నెలలకు. హలో గూడ అనలే. "నెత్తి మీద కప్పుందారా? అద్దాల కాడ నిలబడకు" అన్నడు. ఉందన్న. "పైలం" అని పెట్టేసిండు. వార్తలు ఇనకుంటే వానికి నిద్ర పట్టదు గద, అందరికంటే ముందుగాల్నే వానికి తెలిసుంటది.

మా ఇద్దరికి మాటల్లేవని ఊర్ల అందరికి తెలుసు. ఎందుకో మీ అమ్మకు సగమే తెలుసు. 2022ల మునుగోడు ఉప ఎన్నికలప్పుడు, నవంబర్ 3న ఓట్లు, దానికి వారం ముందు గడప గడపకు పైసలొస్తున్నయని మీ అమ్మ ఫోన్ చేసింది. ఇచ్చిన కాడికి తీసుకో అన్న. అందరు తీసుకోంగ మనమే మోసపోవుడెందుకు అనుకున్న. ఆ ముచ్చట రేడియో మామకు ఎట్లనో తెలిసి నాకు ఫోన్ కొట్టిండు. "నీళ్లు నీళ్లని ఎన్నేండ్లు మొత్తుకున్నమురా, ఇయ్యాల ఓటుకు రేటు కట్టుకుంటున్నం" అన్నడు. నాకు కోపమొచ్చింది. డ్యూటీ దిగి ఒచ్చిన, తిండి లేదు. "నడువ చాతగానోనికి నీతులు బాగనే ఒస్తయి. నీకేంది, మూడు వేల పదహార్లు పింఛను పడ్తది, కూసోని తింటవు" అన్న.

అన్న బిడ్డా. ఈ నోటితోనే అన్న.

వాడేమనలే. "సరేలే" అన్నడు. 2023ల సెలవు మీద ఒచ్చినప్పుడు చావడి ముందల నుంచి పోలే నేను, బండేసుకొని ఎనుక సందుల నుంచి పోయిన.

నీకు తెల్వంది ఒకటుంది. నేను సక్కగ నిలబడుతున్న, వాడు దొడ్డికాళ్లతోని పాకుతుండు. అది నా గొప్పతనం కాదు. మా ఇద్దరిది ఒక్క ఈడే. నాకు నాలుగేండ్లున్నప్పుడు మా అమ్మ జరమొచ్చి పడితే నన్ను హాలియల అమ్మమ్మ కాడ ఉంచిన్రు. ఎనిమిదేండ్లు అక్కడనే పెరిగిన, సాగర్ ఎడమ కాల్వ నీళ్లు తాగిన. వాడు ఊర్లనే ఉండి బడి ముందలి బోరింగు నీళ్లు తాగిండు. ఎండకు చల్లగ, తియ్యగ ఉండేటియి ఆ నీళ్లు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటరు ఫ్లోరైడు, మన బోర్లల్ల దానికి ఎన్ని రెట్లుండెనో అప్పుడెవలు చూసిన్రు. మొదట పండ్లు గార పట్టినయి. తర్వాత మోకాళ్లు. పదో తరగతి పరీక్షకు నేనే సైకిల్ మీద ఎనుక కూసోవెట్టుకొని చండూరు తీస్కపోయిన. సైకిల్ తొక్కినంత సేపు వాని ఒళ్లె రేడియో మోగుతనే ఉండేది. పేరు గట్ల పడ్డది.

ఇప్పుడు నల్లా ఒస్తుంది, నిజమే. మిషన్ భగీరథ నల్లాల పథకం పైలాను మన చౌటుప్పల్లనే 2015ల పెట్టిన్రు. అంతకు పదకొండేండ్ల ముందే, 2004లనే, మన జిల్ల మీదికెల్లే కృష్ణ నీళ్లు పైపులల్ల పట్నం పోయినయి. అది తల్సుకుంటే ఇప్పటికీ కడుపు మండుతది. నల్లా ఒచ్చిందని వంగిన బొక్క సక్కగ కాదు.

నా పానం సంగతి. అమ్మకు చెప్పకు. మే నెలల ఎడమ దిక్కు నడుములకెల్లి నొప్పి లేచి బస్సుల్నే మెలికలు తిరిగిన. స్కానింగ్ చేస్తే ఆరు మిల్లీమీటర్ల రాయి. ఆపరేషన్ అక్కర్లేదు, దినాం మూడు లీటర్ల నీళ్లు తాగు, అదే పడిపోతది అన్నడు డాక్టరు. బస్సు తోలుకుంట తాగుతే మధ్యల ఆపనీకి జాగ ఉండదని నేనే నీళ్లు తక్కువ తాగేటోన్ని, తప్పు నాదే. ఇప్పుడు తాగుతున్న. ఇక్కడి నీళ్లంటే సముద్రం నీళ్లే, ఉప్పు తీసి పంపుతరు. రేడియో మామ నీళ్లు తాగి చెడ్డడు, నేను తాగక చెడ్డ అని నవ్వుకున్న ఆ దినం. షుగరు మాత్రం నూట యాభై దగ్గర్నే ఉంది, గోలీలు తప్పుతలేను.

నానమ్మ మోకాళ్లకు తైలం పంపుతున్న. ఆమె పెండ్లి పెండ్లి అంటే అననియ్యి, చదువైనదాక నేను ఒప్పుకునేది లేదు.

మీ మేనమామ సర్పంచుకు నిలవడుతడట గద. హైకోర్టు సెప్టెంబర్ ఆఖరుకల్లా ఎలక్షన్లు పెట్టాలన్నదట, గప్పటిసంది ఆయన కాళ్లు భూమ్మీద ఆన్తలేవని అమ్మ చెప్పింది. నిలవడితే నిలవడనీ. బత్తాయి తోట కాయితాలు మాత్రం ఆయన చేతికి పోవద్దు. సీజను కాపు అమ్మినంక పైసలు అప్పు అడిగినా బోర్ల మిత్తికే పోయినయని చెప్పు. బామ్మర్దంటే నాకు పగ లేదు, కానీ గెలిచినోడు గూడ అప్పులపాలైన ఊరు మనది.

నిన్న శ్రీశైలం గేట్లెత్తిన్రని ఫోన్ల చూసిన. తెల్లటి నీళ్లు కిందికి దుంకుతుంటే రూములున్నోళ్లందరం చూసినం. ఆ నీళ్లే మన దిక్కు రావాలని గద ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాల్వ) సొరంగం తవ్వుతున్నరు, నలభై నాలుగు కిలోమీటర్లు. ఫిబ్రవరి 22న దోమలపెంట కాడ ఆ సొరంగం కూలిపోయి ఎనిమిది మంది లోపల ఉండిపోయిన్రు. జార్ఖండోళ్లు, యూపీ, పంజాబు, కశ్మీరు. ఇద్దరి శవాలే బయటికొచ్చినయి. మా రూముల ఎవ్వరు నోరెత్తలే ఆ వీడియో చూసినప్పుడు. మన ఊరికి నీళ్లు తేనీకి వాళ్లు పరాయి రాష్ట్రమొచ్చిన్రు, మేమిక్కడ. ఇక్కడ ఎవలన్న పోతే మన సర్కారు ఐదు లక్షలిస్తదని పోయినేడు జీవో తెచ్చిన్రు, మంచిదే, నువ్వు మాత్రం ఆ లెక్క మనసుల పెట్టుకోకు.

ఇగ నీ పని చెప్త. ఆదివారం పొద్దుగాల రేడియో మామ కాడికి పో. పది దాటినంక పోకు, నొప్పులకు గోలేసుకొని పండుకుంటడు. ఈ నడుమ బట్టలు తొడుక్కుంటానికి గూడ చేతులు లేస్తలేవని మీ అమ్మ అన్నది. నల్లగొండ తీస్కపోయి బొక్కల డాక్టరుకు చూపియ్యి, ఆటో మాట్లాడు, బస్సు ఎక్కలేడు. ఖర్చు నీ ఖాతల ఏసిన. తీసుకోడు, కొట్లాడుతడు. నాయన సైకిల్ కిరాయి బాకీ తీరుస్తుండని చెప్పు. పదో తరగతి పరీక్షప్పుడు కిరాయి సైకిల్ పైసలు వాడే కట్టిండు, నేనిప్పటిదాక ఇయ్యలే.

మాఫీ అడగమని చెప్పుదామని రెండు సార్లు రాసి కొట్టేసిన. అది నీతోని చెప్పిచ్చే మాట కాదు. ఆదివారం నువ్వు ఆడ ఉన్నప్పుడు నాకు మిస్‌డ్ కాల్ ఇయ్యి. నేనే చేస్త. ఎత్తకపోతే నీ ఫోన్ వాని చెవుకు పెట్టు.

సంచిల ఖర్జూర పొట్లాలు నాలుగు, నానమ్మకు తైలం, తమ్మునికి బూట్లు, అమ్మకు చీర (రంగు నచ్చకపోతే నచ్చిందనే చెప్పమను). అడుగున పాత తువ్వాలల చుట్టి చిన్న రేడియో ఉంది, అది మామకు. దాంతోని నాలుగు సెల్లులు పెట్టిన. తమ్ముని కంట్ల పడనియ్యకు, గోడ గడియారంల ఏసుకుంటడు.

మీ నాయన