బైపీసీ పిల్లలకు మార్టేరు కూడా చూపించండి

సంపాదకుల వారికి,

ఆర్యా,

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాటికల్లా మా పాలకొల్లు రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లల ఫొటోలు, పక్కన ర్యాంకులు. ఫ్లెక్సీలో లేని పిల్లలు ఏమయ్యారని ఎవరూ అడగరు. 2024లో ఆ పరీక్ష రాసినవాళ్లు దేశం మొత్తం మీద 23 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు చూస్తే లక్ష చిల్లర. ఇరవై మందికి ఒక సీటు అనుకోండి. మిగిలిన పంతొమ్మిది మంది కోసమే ఈ ఉత్తరం.

నాది వీరవాసరం మండలం. ఆరెకరాల్లో రొయ్యల సాగు. మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ బురదలో ఏ పురుగు కదిలినా దాని వెనకే తిరగడం అలవాటు. అందరిలాగే మేమూ బైపీసీలో చేర్పించాం, అందరిలాగే డాక్టరమ్మ అని పిలుచుకున్నాం. మొదటిసారి నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. మళ్లీ ఏడాది కోచింగ్ ఇచ్చే లాంగ్‌టర్మ్‌లో పెట్టాం. ఆ ఏడాది ఇంట్లో ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. పిల్లకి టెన్షన్, మాకు ఫీజుల టెన్షన్.

ఆ వేసవిలోనే మా చెరువులో తెల్లరెట్ట అనే రొయ్యల జబ్బు కనిపించింది. సీసాలో నీళ్లు, డబ్బాలో నాలుగు రొయ్యలు పట్టుకుని భీమవరంలో ఆక్వా ల్యాబుకి వెళ్తుంటే, ఇంట్లో కూర్చుని విసుగొచ్చిందేమో, మా అమ్మాయి నేనూ వస్తానంది. మర్నాడు రిపోర్టుకి వెళ్లినప్పుడు కూడా వెంట వచ్చింది. అక్కడి కుర్రాడు చిన్న గాజు ప్లేటు తెచ్చి మా ముందు పెట్టాడు. లోపల ఆకుపచ్చటి జెల్లీ లాంటి పొర, దాని మీద ఆవగింజలంత చుక్కలు, కొన్ని పసుపు, కొన్ని ఆకుపచ్చ. ప్లేటు తిరగేసి, పెన్నుతో ఒక్కో చుక్క మీదా గుర్తు పెడుతూ లెక్కపెట్టాడు. "ఇవి విబ్రియో అనే బ్యాక్టీరియా గుంపులండి. పసుపువి పంచదార తినేవండి, ఆకుపచ్చవి తిననివండి. ఆకుపచ్చవి పెరిగితే మనం జాగ్రత్త పడాలండి" అన్నాడు. పదేళ్లుగా ఆ రిపోర్టుల్లో గ్రీన్ కాలనీలు అని చదువుతున్నాను కానీ, అవి ఎందుకు గ్రీనో నాకు ఆ రోజే తెలిసింది. మా అమ్మాయి అతన్ని అరగంట వదల్లేదు. అతనూ బైపీసీయే, తర్వాత మైక్రోబయాలజీ. బయటికొచ్చాక బండెక్కుతూ, "నాన్నా, ఇది కూడా ఉద్యోగమేనా?" అంది.

ఇంటర్ రెండేళ్లు, లాంగ్‌టర్మ్ ఒక ఏడాది చదివిన పిల్ల అడిగిన మాట అది. ఆ మూడేళ్లలో ఈ సంగతి ఆమెకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు. చదివిన కాలేజీలో వ్యవసాయం, ఫిషరీస్ లాంటి కోర్సులకు దారైన ఈఏపీసెట్‌ని కూడా నీట్‌కి ప్రాక్టీసు పరీక్ష అన్నట్టే రాయించారట. ఆ ర్యాంకుతో ఏమేం చదవొచ్చో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు.

అసలు చూపించడానికి మనకేం తక్కువ? మార్టేరు వరి పరిశోధన స్థానానికి వందేళ్లు నిండాయి. స్వర్ణ అని దేశమంతా పండించే ఎంటీయూ 7029 అక్కడ పుట్టిందే. ఎంటీయూ అంటే మార్టేరే. ఆ రకానికి తల్లిదండ్రుల్లో ఒకటి మసూరి అయితే రెండోదాని పేరు వశిష్ఠ, మన నరసాపురం పక్కన పారే గోదావరి పాయ పేరు. తర్వాత ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు ఇదే స్వర్ణలోకి ముంపుని తట్టుకునే జన్యువు ఎక్కించి, రెండు వారాలు నీళ్లలో మునిగినా బతికే స్వర్ణ సబ్‌-1 తయారుచేశారు. నారు మునిగి రెండోసారి ఊడ్చుకున్న రైతుల పిల్లలకు జన్యుశాస్త్రం ఎందుకో చెప్పాలంటే ఇంతకంటే మంచి పాఠం ఉంటుందా?

కోనసీమ పిల్లలకైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. సర్పిలాకార తెల్లదోమ వచ్చి కొబ్బరాకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి కదా. ఆ దోమని చంపే ఇసారియా అనే బూజుని అక్కడి ల్యాబులో పెంచి రైతులకు అందించారు. బూజుని పెంచడం కూడా ఒక చదువే, అదీ బైపీసీ నుంచే.

ఇక ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తకుండా ఉండలేను. పుట్టింది భీమవరంలో. మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. వైద్యం చదివిన మాట నిజమే కానీ పేరు తెచ్చింది నాడి పట్టుకుని చూసిన వైద్యం కాదు, ల్యాబులో చేసిన పని. బోదకాలు రాకుండా ఊళ్లలో ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర అమెరికాలో ఆయన నడిపిన పరిశోధన బృందం నుంచే వచ్చింది. ఆ జబ్బు మన డెల్టాకి ఎంత పాతదో మా మామ్మ కాలు చూసిన నాకు తెలుసు. రాజమండ్రిలో ఫైలేరియా మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థే ఉంది. దోమల మీద పనిచేసి జీతం తీసుకోవచ్చని ఎంతమంది పిల్లలకు తెలుసు?

అన్నీ పూలబాటలని నేననను. చెరువుల మీద టెక్నీషియన్‌గా చేరితే మొదట్లో జీతం తక్కువే, రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోతే పరుగెత్తాలి. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలో పండగ సెలవులుండవు. బయోటెక్నాలజీ అని బోర్డు పెట్టి, మైక్రోస్కోపులు బీరువాలో దాచిపెట్టిన డిగ్రీ కాలేజీలూ ఉన్నాయి. అగ్రికల్చర్ బీఎస్సీ అంటే ఎగబడి చేరేముందు ఆ కాలేజీకి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత పైచదువుల దగ్గర, ఉద్యోగాల దగ్గర అడుగుతారు. ఇవి కూడా ఎవరో ఒకరు చెప్పాల్సినవే.

నా విన్నపం పెద్దదేం కాదు. ఇంటర్ అధికారులు, కాలేజీల యాజమాన్యాలు బైపీసీ మొదటి ఏడాది పిల్లల్ని దసరా సెలవులకు ముందు ఒక్క రోజు బస్సెక్కించండి. పొద్దున మార్టేరు, మధ్యాహ్నం ఒక ఆక్వా ల్యాబు. అటు తాడేపల్లిగూడెం వైపు వాళ్లకు వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, కాకినాడ వాళ్లకు కోరంగి మడ అడవులు. తల్లిదండ్రుల్నీ పిలవండి, ఎందుకంటే మారాల్సింది ముందు మేమే. మీ పత్రిక కూడా నీట్ ర్యాంకుల పేజీ వేసిన వారంలోనే ఫిషరీస్, ఉద్యానం, వ్యవసాయం, ల్యాబ్ టెక్నాలజీ కౌన్సెలింగ్‌లు ఎప్పుడో, ఏ ర్యాంకుకి ఎక్కడ సీటు రావచ్చో జిల్లా పేజీలో వేస్తే మాలాంటి వాళ్లం కత్తిరించి దాచుకుంటాం.

మా అమ్మాయి ఆ ప్రాక్టీసు ర్యాంకుతోనే ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చేరింది. ఇప్పుడు సెలవులకు వస్తే నా మేత లెక్కల్లో తప్పులు పట్టడమే పని. పేరుకు తగ్గ డాక్టరు ఇంట్లో లేదని వాళ్ల అమ్మ ఇంకా అప్పుడప్పుడూ అంటూనే ఉంటుంది.

ఎవరైనా ప్రిన్సిపాల్ గారు పిల్లల్ని తీసుకొస్తానంటే మా గట్టు మీదికీ రావచ్చు. పొద్దున ఆరింటికి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగే వేళకి వస్తే, రొయ్యని వెలుతురుకి ఎత్తి పట్టుకుని పేగు నిండుగా ఉందో లేదో వాళ్ల కళ్లతో వాళ్లే చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు,
వీరవాసరం మండలం, పశ్చిమ గోదావరి జిల్లా