రాయలవారి విస్తట్లో టమాటా పప్పా?

సంపాదకులకు నమస్కారం.

టీవీలో వచ్చే చారిత్రక సీరియళ్లలో భోజనాల సన్నివేశం వస్తే చాలు, మనసు చివుక్కుమంటోంది. కథ కృష్ణదేవరాయల కాలంలో జరుగుతుంటుంది. విస్తట్లో మాత్రం బంగాళాదుంప వేపుడు, టమాటా పప్పు, దాని మీద ఎండుమిర్చి తాలింపు! ఓరుగల్లు కథైతే అంతఃపురంలో పళ్లెం నిండా బొప్పాయి, అనాస, జామ పండ్లు.

ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ అటువైపు వెళ్లిందే 1492లో. పోర్చుగీసువాళ్లు గోవాను పట్టుకున్నది 1510లో, అంటే రాయలవారు గద్దెనెక్కిన మరుసటేడు. మిరప వాళ్ల ఓడల్లో వచ్చి, తీరం నుంచి మెల్లగా లోపలికి పాకింది. 16వ శతాబ్దం చివర్లో అక్బరు పాలన గురించి రాసిన అయిన్-ఇ-అక్బరీ అనే గ్రంథంలో ఏ వంటకు ఏ దినుసు ఎంత వేయాలో లెక్కలున్నాయి. అందులో కారానికి మిరియాలే ఉన్నాయి, మిరప లేదు. ఇక బంగాళాదుంప, టమాటా మన వంటిళ్లలో కుదురుకున్నది ఇంగ్లిషువాళ్ల హయాంలో. ఓరుగల్లునేలిన రుద్రమదేవిదేమో 13వ శతాబ్దం!

ఆధారాలు దొరక్క ఇలా తీస్తున్నారంటే సరిపెట్టుకోవచ్చు. కానీ గోదాదేవి తండ్రి విష్ణుచిత్తుడు అతిథులకు ఏ కాలంలో ఏం వడ్డించాడో రాయలవారే ఆముక్తమాల్యదలో రాసిపెట్టారు. వానాకాలంలో ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. ఎండాకాలంలో తియ్యని చారు, పలుచటి అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, నీరుమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి పడ్డ వేడివేడి కూరలు, ముక్కు అదిరిపోయే ఆవపచ్చళ్లు. ఇంతకంటే మంచి స్క్రిప్టు ఎవరిస్తారు? ఓరుగల్లు కావాలంటే, కాకతీయుల నాటి ఆ నగరాన్ని వర్ణించే క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యం ఉంది. అందులో పూటకూళ్లింట్లో ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు పెడతారు. ఆ సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు తీస్తే ప్రేక్షకులు కళ్లప్పగించి చూడరా?

ఇది చిన్న విషయం అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నగల విషయంలో, కోట సెట్టింగుల విషయంలో అంత శ్రద్ధ పెట్టినవాళ్లు తిండి దగ్గరికొచ్చేసరికి ఎందుకు వదిలేయాలి? పౌరాణికాలకైతే కొంత వెసులుబాటు ఇవ్వొచ్చు. ఫలానా రాజు, ఫలానా కాలం అని చెప్పి తీసే కథకు ఇవ్వలేం. పిల్లలు పాఠ్యపుస్తకం కన్నా ముందు ఈ సీరియళ్లలోనే చరిత్ర చూస్తున్నారు.

పైగా మాది పల్నాడు. మిరపకు గుంటూరు, పల్నాడు పెట్టింది పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎక్కడో పుట్టిన మొక్కను ఇక్కడి నేలకు అలవాటు చేసి, తెగుళ్లతో, ధరలతో పోరాడి రైతులు తెచ్చిన పేరది. పల్నాటి యుద్ధం నాటికే మిరప ఉన్నట్టు చూపిస్తే ఆ తరతరాల కష్టం లెక్కలోకి రాకుండా పోతుంది.

సరిదిద్దుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. టమాటా బదులు చింతపండు, బంగాళాదుంప బదులు కంద, ఎండుమిర్చి బదులు మిరియాలు, ఆవాలు వాడొచ్చు. పళ్లెంలో అరటి, మామిడి, పనస, దానిమ్మ పెట్టొచ్చు. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర తిరగేసినా ఏ కాలంలో మనవాళ్లు ఏం తిన్నారో చాలావరకు తెలుస్తుంది. చారిత్రక సీరియల్ మొదలుపెట్టే ముందే పాత తెలుగు కావ్యాలు చదివినవాళ్లను ఒక్కరినైనా సలహాదారుగా పెట్టుకోవాలని, టైటిల్స్‌లో వాళ్ల పేరు కూడా వేయాలని మీ పత్రిక ద్వారా ఛానళ్లను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, నరసరావుపేట